తనిఖీ వార్తలో చోటు దొరకని నర్సులు

సంపాదకులకు,

పది రోజుల క్రితం మీ పత్రిక జిల్లా సంచికలో కర్నూలు నగరంలోని సంతాన సాఫల్య కేంద్రాల తనిఖీ గురించి వచ్చిన వార్తను, దానికి మీరు పెట్టిన 'సంతానం పేరిట దోపిడీ' అన్న శీర్షికను పాఠకులు మరిచిపోయి ఉండరు. నేను మరిచిపోదామన్నా మా స్టాఫ్‌రూమ్ మరవనివ్వడం లేదు. ఆ వార్తతో పాటు వేసిన ఫొటోలో ఎడమ నుంచి మూడో కుర్చీలో ఆకుపచ్చ చీర కట్టుకుని కూర్చున్నది నేనే.

తనిఖీలు వద్దని నేననను. 2021 నాటి సహాయక పునరుత్పత్తి సాంకేతికత చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ఏ కేంద్రమూ నడవకూడదు. బోసినవ్వుల పసిపాపల బొమ్మలు వేసి ఫలితం గ్యారంటీ అని బోర్డులు రాయించేవారిని పట్టుకోవలసిందే. అయితే చికిత్సకు వచ్చిన దంపతుల వివరాలు గోప్యంగా ఉంచాలని చెబుతున్నది కూడా ఆ చట్టమే. దాన్ని అమలు చేయడానికి వచ్చిన అధికారులే కెమెరాలను వెంటబెట్టుకుని వచ్చి, స్కాన్ కోసం వరుసలో కూర్చున్న ఆడవాళ్ల ముఖాల మీద ఫ్లాష్ కొట్టించడం ఏ సెక్షన్ కింద వస్తుందో వారే సెలవివ్వాలి. రిజిస్ట్రేషన్ పత్రం ఎదుటి గోడకే తగిలించి ఉంది. దాని వైపు ఒక్కరైనా తలెత్తి చూసిన గుర్తు నాకు లేదు.

రెండో ఫ్లాష్ పడేలోగా, పాతికేళ్లు కూడా ఉండని ఒక నర్సు చేతిలోని ఇంజెక్షన్ ట్రే పక్కన పెట్టి, పరీక్ష గదిలోంచి కర్టెన్ స్టాండును గరగరా ఈడ్చుకొచ్చి మాకు అడ్డంగా నిలబెట్టింది. "వీళ్లు పేషెంట్లు సార్, కాగితాలు ఆఫీసు గదిలో ఉన్నాయి, అక్కడ చూసుకోండి" అంది. మీ వార్తలో 'సిబ్బంది తనిఖీకి సహకరించలేదు' అని ఒక వాక్యం ఉంది. నాకు తెలిసినంతలో ఆ సహకరించకపోవడం ఇదే.

ఆ సిబ్బంది సంగతి మీ విలేకరి అడగలేదు కనుక నేను చెబుతాను. అండాలు పెరగడానికి ఇచ్చే సూదుల మందు మొదలుపెట్టిన పదకొండు రోజుల్లో ఐదుసార్లు ఆదోని నుంచి ఎమ్మిగనూరు మీదుగా దాదాపు 100 కిలోమీటర్లు బస్సులో వెళ్లి స్కాన్ చేయించుకుని వచ్చాను. ఆ మందు చల్లగా ఉండాలి, కానీ గడ్డకట్టకూడదు. అందుకని నర్సు సీసాలను ముందు గుడ్డలో చుట్టి, తర్వాతే ఐసు ముక్కలున్న ఫ్లాస్కులో పెట్టి ఇచ్చేది. చివరి సూది రాత్రి సరిగ్గా 10 గంటలకు పడాలి, ఎందుకంటే దాని తర్వాత 36 గంటలకు అండాలు తీస్తారు. డ్యూటీ ముగించుకుని ఇంటికి వెళ్లిన ఆమె 9.45కు తన ఫోను నుంచి చేసి, చేతులు వణుకుతున్న నా భర్త సూది వేసేదాకా లైనులోనే ఉంది. ఆ తర్వాత గర్భం నిలవడానికి ఇచ్చే నూనె మందు సూదులు మా ఊళ్లో వేయించుకోవలసి వచ్చినప్పుడు, వేసేవారు తడబడకుండా నా నడుము కింద బాల్‌పెన్‌తో రెండు సున్నాలు చుట్టి పంపింది. స్నానం చేసినప్పుడల్లా ఆ సున్నాలు చెరిగిపోకుండా జాగ్రత్తపడ్డాను. సూది పడ్డ చోట గట్టిపడితే వేడినీళ్ల సంచి పెట్టి, "ఏం గాదులే అమ్మా" అంటూ ఒత్తిన ఆయమ్మ పేరు మాకిచ్చిన ఏ కాగితంలోనూ లేదు. రూ. 2 లక్షల పైచిలుకు బిల్లులో ప్రతి సీసాకూ ఒక వరుస ఉంది కానీ వీళ్లకు లేదు.

ల్యాబులో పనిచేసే అమ్మాయి ప్రతి దశలోనూ నా పేరు, నా భర్త పేరు మా నోటితో చెప్పించి, చేతిలోని లేబుల్‌తో సరిచూసుకునేది. మూడోసారికి నాకు విసుగొచ్చింది. పిండానికి ఆదివారం తెలియదు కనుక ఆమెకూ ఆదివారం లేదని తర్వాత తెలిసి సిగ్గుపడ్డాను.

ఇంతా చేసి మాకు ఫలితం రాలేదు. బిడ్డనెత్తుకున్న ఆనందంలో పొగుడుతున్నానని ఎవరైనా అనుకుంటారేమోనని ఈ మాట రాస్తున్నాను. గర్భం వచ్చిందో లేదో తేల్చే రక్తపరీక్ష రిపోర్టు వచ్చిన రోజు ఫోను చేసిన నర్సు, అంకె చెప్పకుండా ముందు "అన్న పక్కనే ఉన్నాడా అక్కా" అని అడిగింది. తర్వాత "ఈసారి రాలేదక్కా" అని, నేను ఏడ్చినంతసేపూ ఫోను పెట్టేయకుండా ఊరుకుంది. ఏడేళ్లుగా పెళ్లిళ్లలో, పేరంటాల్లో "విశేషమేమైనా ఉందా" అని అడిగినవారిలో అంత సేపు మౌనంగా ఉండగలిగినవారు నాకు తారసపడలేదు.

నేను బడిలో జీవశాస్త్రం చెబుతాను. 1978 జులై 25న ఇంగ్లండ్‌లోని ఓల్డ్‌హామ్‌లో తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువు పుట్టిందనీ, అది శాస్త్రవేత్త ఎడ్వర్డ్స్, వైద్యుడు స్టెప్టోల ఘనత అనీ ఏటా పిల్లలతో రాయించాను. వారితో సమానంగా శ్రమించిన మూడో వ్యక్తి జీన్ పర్డీ అనే నర్సు అనీ, ల్యాబులో ఆ పిండం విభజన చెందడాన్ని మొదట చూసింది ఆమేననీ ఈమధ్యనే చదివాను. ఓల్డ్‌హామ్ ఆసుపత్రిలో పెట్టే స్మారక ఫలకంపై ఆమె పేరు చేర్చాలని ఎడ్వర్డ్స్ ఉత్తరాలు రాసినా అక్కడి ఆరోగ్యాధికారులు పట్టించుకోలేదు. ఆమె 1985లో కన్నుమూస్తే, ఆమె పేరున్న ఫలకం 2015లో వెలిసింది. ఏ దేశపు అధికారులకైనా నర్సు కనబడడానికి అన్నేళ్లు పడుతుంది కాబోలు! పత్రికలైనా కాస్త ముందు చూస్తాయని ఆశపడ్డాను.

సవరణ వేస్తారో లేదో మీ ఇష్టం. ఆన్‌లైన్ సంచికలో మాత్రం ఆ ఫొటో ఈ ఉత్తరం రాస్తున్న సమయానికి కూడా అలాగే ఉంది. దాన్ని వెంటనే తీసేయించండి. వచ్చే నెల మేం మళ్లీ అదే కేంద్రానికి వెళుతున్నాం. నా పేరు ప్రచురించవద్దని మనవి, కారణం ఆ ఫొటో చూస్తే మీకే తెలుస్తుంది.

— ఒక ఉపాధ్యాయురాలు, ఆదోని