కేరీకి తెలుగు నేర్పిన పండితుడి పేరేమిటి?

సంపాదకుడికి,

అయ్యా,

క్రైస్తవ మిషనరీ విలియం కేరీ మీద మన పత్రికల్లో వ్యాసం వచ్చిందంటే అందులో ఒక మాట ఖాయంగా ఉంటుంది: ఇంగ్లండులో చెప్పులు కుట్టుకునే మనిషి బెంగాలుకు వచ్చి, నలభై భాషల్లోకి బైబిలును ఒంటిచేత్తో అనువదించాడని. ఆయన పడిన శ్రమను తక్కువ చేయనక్కర్లేదు. కానీ ‘ఒంటిచేత్తో’ అన్నది నిజం కాదు. ఆ మాట వల్ల ఎక్కువ నష్టపోయిన వాళ్ళలో తెలుగువాళ్ళం కూడా ఉన్నాం.

ముందు లెక్క సరిచూద్దాం. కేరీ బతికుండగా, కలకత్తా దగ్గరి శ్రీరాంపూర్‌లో ఆయన మిషన్ నడిపిన ముద్రణాలయం నుంచి పూర్తి బైబిలు వచ్చింది బెంగాలీ, సంస్కృతం, ఒరియా, హిందీ, మరాఠీ, అస్సామీ భాషల్లో. మిగతా వాటిలో ఎక్కువ భాగం కొత్త నిబంధన దగ్గరే ఆగాయి. కొన్నింటిలో ఒకటి రెండు సువార్తలే. చైనీస్ పని ఆయన సహచరుడు జాషువా మార్ష్‌మన్‌ది. తెలుగులో కొత్త నిబంధన 1818లో వెలువడింది.

ఇక పని ఎలా సాగేదో కేరీయే రాశాడు. 1806 జూన్‌లో ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో తన ఒక రోజును గంటల వారీగా చెప్పాడు. తెల్లవారి ఆరు కాకముందే లేచి హీబ్రూలో ఒక అధ్యాయం. టీ పోసేలోపు మున్షీతో పారసీ. ఫలహారం తర్వాత పది గంటల దాకా పండితుడితో రామాయణం. ఆపైన, కంపెనీ దొరలకు దేశభాషలు నేర్పే కలకత్తా ఫోర్ట్ విలియం కాలేజీలో బోధన. మధ్యాహ్నం ఇంటికొచ్చి యిర్మీయా గ్రంథం బెంగాలీ ప్రూఫు. భోజనమయ్యాక కాలేజీ ప్రధాన పండితుడితో మత్తయి సువార్త సంస్కృతంలోకి. సాయంత్రం ఆరు దాటాక ‘తెలింగ’ (అంటే తెలుగు) పండితుడితో కూర్చుని ఆ భాష నేర్చుకోవడం. రాత్రి ప్రసంగం ముగించి, పదకొండు కావస్తుండగా యెహెజ్కేలు బెంగాలీ అనువాదం ఆపాడు. ఇంట్లో భార్య డొరోతీ మతి చలించి ఉన్న రోజులవి. మరుసటి ఏడాది చివర ఆమె చనిపోయింది.

ఆ ఉత్తరంలో తెలింగ పండితుడి పేరు లేదు. మున్షీ పేరూ లేదు.

ఆ పండితులు కేవలం భాష నేర్పే పంతుళ్ళు కారు. పద్ధతి ఇది: సంస్కృత పాఠం తయారయ్యాక దాన్ని ఒక్కో భాష పండితుడి ముందు పెట్టేవారు. ఆయన తన భాషలో తొలి ప్రతి రాసేవాడు. కేరీ దాన్ని దిద్దేవాడు. అక్షరాలు కూర్చి ప్రూఫు తీస్తే మళ్ళీ ఇద్దరూ చదివేవారు, మళ్ళీ దిద్దుబాటు. వేగం అందుకే వచ్చింది, లోపమూ అక్కడే పుట్టింది. గ్రీకు నుంచి సంస్కృతానికి, సంస్కృతం నుంచి దేశభాషకు దిగేసరికి సమాసాలు పేరుకుంటాయి, వాక్యం మూలాన్ని పట్టుకుని వేలాడుతుంది. శ్రీరాంపూర్ అనువాదాలు చాలావాటిని తర్వాతి వాళ్ళు తిరగరాయవలసి వచ్చింది. తప్పు కేరీదైనా పండితుడిదైనా, ఎవరు ఏది రాశారో తెలిస్తే కదా పంచడానికి!

అచ్చు సంగతీ అంతే. ఉక్కు కడ్డీ కొనమీద అక్షరాన్ని తిరగేసి చెక్కి, దాన్ని రాగి ముక్కలో దిగ్గొట్టి, ఆ గుంటలో కరిగించిన సీసం పోస్తే ఒక అచ్చు. ఇంగ్లీషుకు పెద్దవి, చిన్నవి కలిపి యాభై రెండు అక్షరాలతో చాలామటుకు సరిపోతుంది. మనకు గుణింతాలు, కింద వేలాడే ఒత్తులు కలిసి వందలు కావాలి. ఈ విద్య శ్రీరాంపూర్‌కు తెచ్చింది పంచానన్ కర్మకార్. ఆయన తర్వాత అల్లుడు మనోహర్ కొనసాగించాడు. 1812 మార్చి 11 సాయంత్రం ముద్రణాలయం తగలబడినప్పుడు దాన్ని నడిపే విలియం వార్డ్ తలుపులు, కిటికీలు మూయించి, కప్పు పైనుంచి నీళ్ళు పోయించి మంటను దాదాపు అణిచాడు. ఎవరో కిటికీ తెరిచారు, గాలి జొరబడింది, అంతా పోయింది. కేరీ తెలుగు వ్యాకరణం రాతప్రతి ఆ మంటల్లోనే బూడిదైంది. అక్షరాలు చెక్కిన ఆ ఉక్కు కడ్డీలు (పంచ్‌లు) మాత్రం బూడిదలో చెక్కుచెదరకుండా దొరికాయి. కరిగి ముద్దయిన సీసాన్నే మళ్ళీ పోతపోసి పని మొదలెట్టారు. వ్యాకరణం తిరిగి రాసి 1814లో అచ్చు వేశారు. పుస్తకం మీద కేరీ పేరుంది, కర్మకార్ల చేతిపని లోపలి ప్రతి పుటలోనూ ఉంది.

పేర్లు నిలబెట్టడం ఆ రోజుల్లో అసాధ్యమేమీ కాదు. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషనరీలు జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్‌ల వెంట పనిచేసిన ఆనందరాయర్ పేరు మిషన్ చరిత్రలో ఉంది. క్రాన్ 1809లో, డెగ్రాంజ్ 1810లో చనిపోయారు. డెగ్రాంజ్ అనువదించిన సువార్తలు 1812లో అచ్చయ్యాయి. ఫోర్ట్ విలియం కాలేజీ జీతాల పట్టీలూ ఉన్నాయి. కేరీకి మొదట నెలకు 500 రూపాయలు, బెంగాలీ ప్రధాన పండితుడు మృత్యుంజయ విద్యాలంకార్‌కు 200, రెండో పండితుడికి 100, కింది పండితులకు 40 అని వాటివల్లే మనకు తెలుసు. జీతం పుచ్చుకున్నవాడి పేరు గుమాస్తా రాసుకోకుండా ఉండడు.

అందువల్ల నేను కోరేది విగ్రహాలు, జయంతులు కాదు. పాత తెలుగు ముద్రణలున్న గ్రంథాలయాలు కేటలాగులో ముఖపత్రం చూసి ‘కేరీ’ అని రాసి ఊరుకోకూడదు. ముందుమాట చదవాలి. అందులో పండితుడు, అచ్చు పోసినవాడు, దిద్దినవాడు ఎవరు కనబడ్డా వేరే గడిలో చేర్చాలి. అట్టల లోపలి ఖాళీ కాగితాలను కూడా ఫోటో తీయాలి, పాత చేతిరాతలు ఉండేది అక్కడే. పుస్తకాన్ని స్కానర్ మీద బోర్లించి అదిమితే వెన్ను విరుగుతుంది. వి ఆకారపు ఊతలో సగం తెరిచి పైనుంచి తీయాలి. చిరుగులకు సెలోటేపు అంటించొద్దు, కొన్నేళ్ళకు జిగురు పసుపెక్కి అక్షరాన్ని మింగేస్తుంది.

మన విశ్వవిద్యాలయాల్లో తెలుగు, చరిత్ర శాఖలు కలిసి ఒక్క పరిశోధక విద్యార్థిని శ్రీరాంపూర్ కాలేజీలోని కేరీ గ్రంథాలయానికి, ఆ జీతాల పట్టీల దగ్గరికి పంపినా చాలు. వెతకవలసిన కాలం 1801 నుంచి 1818 దాకా. వెతకవలసిన మాట ‘తెలింగ’.

భవదీయుడు,
ఒక పాఠకుడు