జాలి చూపబోయి

కావలి,
శనివారం రాత్రి

చిట్టితల్లికి,

నాన్న ఆశీస్సులు. తండ్రికి జబ్బు చేసిందన్న స్నేహితురాలికి "ఐ పిటీ యూ" అని రాశావట, ఆమె రెండు రోజులుగా ముభావంగా ఉందట. మరి ఉండదా! నీ మనసు మంచిదే కానీ, మనిషి ముఖం మీద ఆ మాట అంటే "నిన్ను చూస్తే జాలేస్తోంది" అన్నట్టే. తెలుగులో అయితే అంటావా? "ఐ యామ్ సో సారీ" చాలు. సారీ అంటే తప్పు ఒప్పుకోవడమేనని మనం అనుకుంటాం గానీ, బాధగా ఉందని చెప్పడానికీ ఇంగ్లీషువాళ్లు అదే వాడతారు.

అలాగని పిటీని పక్కన పడేయకు. మీ బాబాయి ఉలవపాడు నుంచి రెండు గంపల బంగినపల్లి పంపుతానన్నాడా, ఇంతలో గాలివాన వచ్చింది. చివరికి చేరింది అర గంప పచ్చికాయలు, సగం పగిలినవే. మీ అమ్మ ఒక్కొక్కటీ తిప్పి చూసి, మాట్లాడకుండా కత్తిపీట తెచ్చుకుంది. అదీ "వాట్ ఎ పిటీ" అంటే. ఇందులో జాలి లేదు, ఉసూరుమనడమే. జాలి అన్న అర్థంలో పిటీకి ముందు మామూలుగా "ఎ" రాదు, ఇక్కడ మాత్రం ఉండాల్సిందే. నువ్వు పండగకు రాలేకపోయినా "ఇట్స్ ఎ పిటీ" అనవచ్చు. చావు కబురుకు మాత్రం వద్దు, మరీ తేలికగా ఉంటుంది.

"టేక్ పిటీ ఆన్" సంగతి వేరు. నీ చిన్నప్పుడు ఒంగోలులో ఆఖరి బస్సు తప్పిపోయి వానలో నిలబడితే, ఒక లారీ డ్రైవరు మనల్ని ఎక్కించుకుని, తన తువ్వాలు నీ తలకు చుట్టి, కావలిలో దింపాడు. అలా జాలిపడి ఏదైనా చేసినవాళ్లకే ఈ మాట.

మన "పాపం" మాత్రం తక్కువదా? శాస్త్రాల్లో నరకానికి పంపే మాట, మన వీధిలో "పాపం, తడిసిపోయాడే" అయి కూర్చుంది. పిటీకి మూలం లాటిన్‌లోని పియెటాస్. దేవుళ్ల పట్ల, తల్లిదండ్రుల పట్ల చూపవలసిన భక్తి అని దానికి అర్థం. ఆ లెక్కన పోయిన ఆదివారం నువ్వు ఫోను చేయలేదు.

ఆవకాయ జాడీ మూత మీ అమ్మ ఇంకా తీయనివ్వడం లేదు.

నాన్న