ఐ, జి, హెచ్, టి దగ్గర ఆగిన ఆట

చిరంజీవి చిన్నాకి,

అమ్మ ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. హాస్టల్లో ఫోన్లు లేకపోయినా కాగితం మీద గళ్ళు గీసుకుని వర్డిల్ ఆడుతున్నారని చదివి చాలా సంతోషం వేసింది. దాచిన ఐదక్షరాల ఇంగ్లిష్ మాటను ఆరు ఛాన్సుల్లో కనిపెట్టాలి, నువ్వు రాసిన మాటలో ఏ అక్షరాలు జవాబులో ఉన్నాయో, ఏవి సరైన చోట ఉన్నాయో ప్రతిసారీ చెబుతారు, అదే కదా ఆట. మూడో ఛాన్సుకే చివరి నాలుగు అక్షరాలు ఐ, జి, హెచ్, టి అని తేలిపోయినా ఓడిపోయానని రాశావు. అలాంటి ఐదక్షరాల మాటలన్నీ లిస్టు రాసి పంపమన్నావు. పంపుతాను గానీ, ఆ లిస్టు మొత్తం నోటికి వచ్చినా ఆ రోజు గెలుపు నీ చేతిలో ఉండేది కాదు. ఎందుకో చూడు.

ఆ నాలుగు అక్షరాల ముందు ఒక్కటి చేరిస్తే అందరూ వాడే మాటలు ఎనిమిది వస్తాయి. అంకె ఎయిట్, కొట్లాట ఫైట్, వెలుగు లైట్, బలం అనే అర్థంలో మైట్, రాత్రి నైట్, కుడివైపు రైట్, చూపు సైట్, బిగుతు టైట్. నీకు మిగిలింది మూడు ఛాన్సులు. నువ్వు ఫైట్, లైట్, నైట్ అని వరసగా రాసుకుంటూ పోయావు. చీకట్లో తాళంచెవుల గుత్తి పట్టుకుని ఒక్కో చెవీ పెట్టి చూసినట్టన్నమాట. మూడు చూసేసరికి ఛాన్సులు అయిపోయాయి, ఇంకా ఐదు మాటలు మిగిలే ఉన్నాయి.

ఇలాంటప్పుడు జవాబు కాదని నీకు ముందే తెలిసిన మాట ఒకటి రాయాలి. మంట అనే అర్థం ఉన్న ఫ్లేమ్ తీసుకో. ఎఫ్, ఎల్, ఎం, ఇ నాలుగూ అందులో ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కటి ఉందన్నా జవాబు దొరికినట్టే. ఒక్కటీ లేదంటే ఎయిట్, ఫైట్, లైట్, మైట్ నాలుగూ ఒకేసారి పోయాయి. తర్వాత నర్స్ అని రాయి. ఎన్, ఆర్, ఎస్ మూడూ తేలిపోతాయి. అవీ లేవంటే ఇక మిగిలింది టైట్ ఒక్కటే. ఎనిమిది మాటలు, మూడు ఛాన్సులు, అయినా జవాబు తప్పకుండా వస్తుంది. దీనికి అదృష్టం అక్కర్లేదు. జవాబు కాని మాట మీద ఒక ఛాన్సు ఖర్చు పెట్టడానికి మొదట్లో ప్రాణం ఒప్పదు, అంతే.

ఫోన్లో హార్డ్ మోడ్ పెట్టుకుంటే మాత్రం ఇది కుదరదు. తెలిసిన అక్షరాలను ప్రతిసారీ వాడి తీరాలి. మీ ఆటలో ఆ రూలు ఉందో లేదో మొదలుపెట్టే ముందే మాట్లాడుకోండి, తర్వాత గొడవ పడొద్దు.

అసలు ఆటలో మరీ అరుదైన మాటలు జవాబులుగా రావు. దాన్ని తయారుచేసిన జోష్ వార్డిల్ మొదట తన భాగస్వామి పలక్ షా కోసమే చేశాడు. ఐదక్షరాల మాటలు సుమారు 12,000 ఉంటే, ఆవిడే కూర్చుని తెలిసినవీ తెలియనివీ వేరుచేసి, జవాబుల జాబితాను 2,500 దాకా తగ్గించింది. 2021 అక్టోబరులో ఆట అందరికీ అందింది, 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ కొనేసింది. ఆ ఓపికైన పని చేసిన మనిషి పేరు కూడా నీకు తెలియాలని రాస్తున్నాను. మీ కాగితం ఆటలో అలాంటి కాపలా లేదు కదా, ఎవరైనా పెద్ద డిక్షనరీ తిరగేసి, ఐ, జి, హెచ్, టి ముందు బి చేర్చి బైట్ అని పెట్టొచ్చు. తీరం లోపలికి వంగిన చోట ఉండే సముద్రం అది. అట్లాసులో ఆస్ట్రేలియా దక్షిణ తీరం చూడు, గ్రేట్ ఆస్ట్రేలియన్ బైట్ అని కనిపిస్తుంది.

"పలకని జి, హెచ్ ఎందుకు రాయాలి?" అని విసుక్కున్నావు. ఒకప్పుడు పలికేవాళ్ళురా. పాత ఇంగ్లిష్‌లో అక్కడ గొంతులోంచి వచ్చే గరుకైన శబ్దం ఉండేది. విలియం కాక్స్టన్ అనే ఆయన 1476లో ఇంగ్లండ్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాక మెల్లమెల్లగా స్పెల్లింగులు స్థిరపడిపోయాయి. నోటిలో ఆ శబ్దం పోయింది, కాగితం మీద మాత్రం ఉండిపోయింది. జర్మన్ వాళ్ళు ఇప్పటికీ పలుకుతారు: ఎనిమిదికి ఆఖ్ట్, రాత్రికి నాఖ్ట్, వెలుగుకి లిఖ్ట్. కార్తీక సోమవారాల్లో అమ్మమ్మ పగలంతా ఉపవాసం ఉండి, చుక్కలు కనిపించాక భోంచేసి "నక్తం" అంటుంది చూడు, సంస్కృతంలోంచి వచ్చిన ఆ నక్తమూ ఇంగ్లిష్ నైట్‌కి చుట్టమే. ఎయిట్‌కి సంస్కృతంలో అష్ట చుట్టం. మన ఎనిమిది ఆ కుటుంబంలోది కాదు. ఇది తెలిసిన రోజు నుంచి నైట్ స్పెల్లింగ్ నాకు బట్టీ పట్టినట్టు అనిపించలేదు. నీకూ అలాగే అవుతుందని ఆశ.

అదే జి, హెచ్ కొన్ని మాటల్లో పోకుండా ఎఫ్‌గా మారింది. చివర ఓ, యు, జి, హెచ్ ఉన్న ఐదక్షరాల మాటలు రాసుకో: దగ్గు కాఫ్, గరుకు రఫ్, గట్టి టఫ్, పిండిముద్ద డో, చెట్టుకొమ్మ బౌ. రాత ఒకటే, పలకడం నాలుగు రకాలు. వీటికి మాత్రం వినికిడే దారి. క్లాసులో టీచర్ పలికినప్పుడు చెవిపెట్టి విను, అడగడానికి మొహమాటపడకు.

ఇలా ఇరికించేవి ఇంకా ఉన్నాయి. చివర ఏ, టి, సి, హెచ్ వచ్చే క్యాచ్, మ్యాచ్, ప్యాచ్, బ్యాచ్, వాచ్, లాచ్, హ్యాచ్ ఒక గుంపు. చివర ఓ, యు, ఎన్, డి వచ్చే రౌండ్, సౌండ్, పౌండ్, ఫౌండ్, బౌండ్, మౌండ్, హౌండ్ ఇంకో గుంపు. గాయం అనే వూండ్ కూడా అందులోదే.

ఇక ఇది నీకు పని. ఎస్, హెచ్, ఏ, తర్వాత ఒక ఖాళీ, చివర ఇ. నీడ షేడ్, ఊపు షేక్, ఒక రకం రాయి షేల్, సిగ్గు షేమ్, ఆకారం షేప్, వాటా షేర్, గడ్డం గీయడం షేవ్. ఖాళీలో ఏడు అక్షరాలకు అవకాశం ఉంది, నీకు మూడు ఛాన్సులున్నాయి. ముందు వాడాల్సిన రెండు మాటలు ఏవో వెతికి వచ్చే ఉత్తరంలో రాయి. నేను ఒక జత కనిపెట్టాను, నీది వేరేదైతే ఇంకా సంతోషం.

ఇట్లు,
అమ్మ