ముందు ఫైళ్ల సంగతి చూడు

ఒంగోలు,
ఆదివారం

ఒరేయ్ సుబ్బూ,

నెల్లూరులో ఇంటర్‌సెక్స్ వాళ్లని, అంటే పుట్టుకతోనే ఒంటి తీరు ఆడ, మగ అన్న గీతల్లో పూర్తిగా ఇమడనివాళ్లని, ఒకచోట కూర్చోబెడతానని రాశావు. హాలూ బ్యానరూ తర్వాత, ముందు వాళ్ల ఆసుపత్రి ఫైళ్ల సంగతి చూడు.

వీళ్లు పుట్టుకతోనే ఒక గుంపు కాదబ్బయా. ఒకరి కాగితంలో సీఏహెచ్ (అడ్రినల్ గ్రంథుల హార్మోన్లలో పుట్టుకతో వచ్చే తేడా) అనుంటుంది, ఇంకొకరి దాంట్లో ఏఐఎస్ (మగ హార్మోన్లకి ఒళ్లు స్పందించకపోవడం). చాలామందికి ఆ కాగితమే చూపించరు. పసితనంలో కోసి కుట్టి, ‘హెర్నియా ఆపరేషన్’ అని సరిపెట్టేస్తారు. అదే మాట పక్కవాడి ఫైల్లోనూ కనబడిందనుకో, ‘నా జబ్బు’ అన్నది ‘మనకు చేసిన పని’ అవుతుంది. రాజకీయం అక్కడే పుడుతుంది. అమెరికాలో షెరిల్ చేజ్ అనే ఇంటర్‌సెక్స్ ఉద్యమకారిణి 1993లో ఒక సైన్సు పత్రికకి ఉత్తరం రాసి ఇంటర్‌సెక్స్ వాళ్ల సంఘం పెట్టామని ప్రకటించింది. 1996 అక్టోబర్ 26 నాటికి ఆ సంఘం వాళ్లు బోస్టన్‌లో పిల్లల డాక్టర్ల మహాసభ బయట బ్యానరు పట్టుకుని నిలబడ్డారు.

ఫైలు ఎట్టా తెప్పించాలంటావా? ఆసుపత్రికి రాతపూర్వకంగా అడగాలి, 2002 వైద్యమండలి నిబంధనల ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి. చిక్కేందంటే, వాళ్లు దాచాల్సింది 3 ఏళ్లే. పాతికేళ్ల కిందటిది అక్కడ దొరక్కపోవచ్చు. ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున వెతికించు: డిశ్చార్జి కాగితం, బయాప్సీ రిపోర్టు, క్రోమోజోముల పరీక్ష. దొరికినోళ్లు దొరకనోళ్లకి దారి చెప్పాలి, మీ ఊరి రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకున్నట్టు.

అమ్మానాన్నలని అదే గదిలో కూర్చోబెట్టొద్దు, ఎవరూ నోరు విప్పరు. వాళ్లకి వేరే రోజు పెట్టు. ఫొటోలు అసలే వద్దు.

ఇంకోటి, ఇది మాత్రం గట్టిగా చెప్పు. మనం వద్దనేది బిడ్డ అనుమతి లేని ఆపరేషన్ని, మందుల్ని కాదు. ఒంట్లో ఉప్పు నిలవని రకం సీఏహెచ్ ఉన్న బిడ్డకి హైడ్రోకార్టిసోన్ ఆపితే ప్రాణం పోతుంది.

‘మేం హిజ్రాలం కాదు’ అని ఎవరో ఒకరు లేస్తారు, చూడు. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల చట్టం ఇంటర్‌సెక్స్‌ని ట్రాన్స్‌జెండర్ నిర్వచనంలోనే కలిపేసింది, ఆ చిరాకు న్యాయమే. ఆడగానో మగగానో హాయిగా బతికేవాళ్లూ ఉన్నారు మరి. కానీ ఆ కోపం హిజ్రాల మీదకి పోనీకు. కొజ్జా అని ఇద్దర్నీ తిట్టేది ఒకే నోరు కదా.

అడగాల్సింది మాత్రం ఒక్కటే పెట్టుకోండి. 2019 ఏప్రిల్ 22న మద్రాసు హైకోర్టు పసిబిడ్డలకి ఈ ఆపరేషన్లు చేయొద్దంది. ఆగస్టులో తమిళనాడు జీవో ఇచ్చింది, ప్రాణాపాయమైతేనే మినహాయింపు. అట్టాంటి జీవో మనకీ కావాలని అర్జీ రాయండి. ‘ప్రాణాపాయం’ ఎవరు తేల్చాలో అందులోనే రాయించండి, లేకుంటే ఆ ఒక్క మాట సందులోంచి అన్నీ దూరిపోతాయి.

అర్జీ ముసాయిదా పంపు, దిద్ది పంపిస్తా.

నీ
రమణ