వీపు చూస్తేనే తెలిసేది

సంపాదకులకు,

కాళ్లకు తెల్ల పట్టీలున్న దోమలన్నీ ఒకటి కావు. ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను కాబట్టి ఈ మాట రాస్తున్నాను. చచ్చిన దోమను తెల్ల కాగితం మీద పెట్టి, భూతద్దంతో వీపు చూడండి. నడిమధ్య ఒకే తెల్ల గీత నిలువుగా ఉంటే ఈడిస్ ఆల్బోపిక్టస్. రెండు పక్కలా కొడవలిలా వంగిన గీతలుంటే ఈడిస్ ఈజిప్టై. రెండూ పగలే కుడతాయి, రెండూ డెంగీ, చికున్‌గున్యా అంటిస్తాయి. ఆల్బోపిక్టస్ ఎక్కువగా చెట్ల తొర్రల్లో, కొబ్బరి చిప్పల్లో పెరిగితే, ఈజిప్టై మన కూలర్లలో, డ్రమ్ముల్లోనే కాపురం పెడుతుంది. మా కాలనీలో మాత్రం ఫాగింగ్ చీకటి పడ్డాక, మురికి నాలా పక్కనే! అక్కడ పెరిగేది క్యూలెక్స్ అనే వేరే దోమ, డెంగీ దోమ కాదు. 1897లో రోనాల్డ్ రాస్ దోమను కోసి మలేరియా గుట్టు విప్పిన సికింద్రాబాద్‌లో ఇలా జరగడం బాధగా ఉంది. సిబ్బంది ముందు ఇళ్లలోకి వచ్చి డ్రమ్ములు చూడాలి. నీళ్లు పారబోస్తే చాలదు, లోపలి అంచులు పీచుతో రుద్దించాలి. అంటుకున్న గుడ్లు ఎండినా నెలల తరబడి బతుకుతాయి.

— ఒక జువాలజీ లెక్చరర్, మల్కాజిగిరి