పుస్తకం అమ్ముడైనా రచయితకు మిగిలేదేమిటి?

సంపాదకులకు నమస్కారములు.

కోనసీమ జీవితంపై ఇరవై ఏళ్లుగా కథలు రాస్తున్న నేను మూడేళ్ల క్రితం సొంత ఖర్చుతో 500 ప్రతుల సంపుటి వేయించాను. డీటీపీ, ముఖచిత్రం, కాగితం, అచ్చు, బైండింగు కలిపి 60 వేల రూపాయలు, అంటే ప్రతికి 120 రూపాయలు అయింది. వెల 200 రూపాయల్లో 40 శాతం విక్రేత కమీషన్ పోగా నాకు వచ్చేది సరిగ్గా ఆ 120 రూపాయలే కాబట్టి, ప్రతులన్నీ అమ్ముడుపోయినా పెట్టుబడి తిరిగి వస్తుందే తప్ప రాసిన శ్రమకు రూపాయి కూడా దక్కదు. పైగా సమీక్షలకు, మిత్రులకు అరవై ప్రతులు ఉచితంగా వెళ్లాయి. అమ్మిన ప్రతుల సొమ్ము ఒక విక్రేత నుంచి అందడానికి పద్నాలుగు నెలలు పట్టింది. మా ఇల్లు గడుస్తున్నది ఉపాధ్యాయ పింఛనుతో, కొంత కొబ్బరి దింపుతో, కథలతో కాదు.

శతాధిక వర్షాల చరిత్ర గల గౌతమీ గ్రంథాలయం ఉన్న గోదావరి సీమలో ఈ స్థితి నన్ను బాధిస్తోంది. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున సెస్సు మనమందరం చెల్లిస్తూనే ఉన్నాము. స్థానిక సంస్థలు ఆ సొమ్మును జిల్లా గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమచేస్తే, అందులో నిర్ణీత భాగంతో ఏటా కొత్త తెలుగు పుస్తకాలను రచయితల నుంచే నేరుగా కొనవచ్చు. బ్రిటన్‌లో 1979 నాటి చట్టం ప్రకారం గ్రంథాలయాల నుంచి పాఠకులు పుస్తకాలు తీసుకెళ్లిన లెక్కను బట్టి రచయితకు కొంత సొమ్ము ముడుతుంది. మన దేశంలో అటువంటి హక్కు లేదు. దానికి కాలం పట్టవచ్చు గాని, ఉమ్మడి గోదావరి జిల్లాల్లో పుస్తకాల కొనుగోలును ఈ ఏడాదే మొదలుపెట్టాలని, బిల్లులను మూడు నెలల్లో చెల్లించాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

- ఒక కథా రచయిత, అమలాపురం