వార్షిక నివేదిక 2024–25: తడి చెత్త, ఎండుటాకులు, మన పెరటి మట్టి

సభ్యులందరికీ నమస్కారం. వీధి దీపాలు, కాలువల పూడికతీత, పార్కు గేటు మరమ్మతు ఈ ఏడాదీ మామూలుగానే సాగాయి. ఆ ఖర్చుల పద్దు నోటీసు బోర్డులో పెట్టాం. ఈ నివేదికలో ఎక్కువ చోటు ఇంటింటి కంపోస్టుకే ఇస్తున్నాం. కాలనీలో నిజంగా మారింది అదే.

మన వంటింటి చెత్త విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) బండెక్కితే కాపులుప్పాడ డంపింగ్ యార్డు దాకా పోవాలి. అక్కడ చెత్తతో కరెంటు తీసే ప్లాంటు ఉన్నా, తడి చెత్త సరిగ్గా మండదు. గుట్టల అడుగున గాలి ఆడక కుళ్లితే మీథేన్ పుడుతుంది. అవే తొక్కలు, తొడిమలు ఇంట్లో గాలి తగిలేలా మాగితే మట్టికి బలం. మన చుట్టుపక్కల ఉన్నది ఇసుక కలిసిన ఎర్ర నేల. పొద్దున పోసిన నీళ్లు మధ్యాహ్నానికి కనపడవు, ఎండాకాలంలో పైపొర అట్టకట్టేస్తుంది. ఇలాంటి నేలకు తేమ పట్టి ఉంచే గుణం కంపోస్టుతోనే వస్తుంది. యూరియా ఎంత చల్లినా ఆ గుణం రాదు.

మొదట్లో చాలామంది ఉత్సాహంగా డ్రమ్ములు పెట్టారు. వానలు మొదలయ్యాక ఫిర్యాదులు వచ్చాయి: వాసన, పురుగులు, పక్కింటివాళ్లతో మాటా మాటా. కార్యవర్గ సభ్యులు ఇల్లిల్లూ తిరిగి డ్రమ్ముల మూతలు తీసి చూశారు. వాసన వచ్చిన ప్రతిచోటా కనిపించింది ఒకటే: కూరగాయల తొక్కలే తప్ప ఎండుటాకు లేదు. తొక్కల్లో నీరు, నత్రజని ఎక్కువ. దానికి ఎండుటాకుల్లోని కర్బనం తోడవ్వాలి. ఒక గిన్నె తొక్కలకు రెండు గిన్నెల ఎండుటాకులు వేసి, వారానికోసారి కలియబెట్టిన ఇళ్లలో వాసన లేదు. పిడికెడు తీసి పిండితే చేయి తడవాలి గానీ నీళ్లు కారకూడదు. ఇంతకు మించిన పరీక్ష అక్కర్లేదు. బూడిదరంగులో లావుగా కదిలే పురుగులు సైనిక ఈగ (బ్లాక్ సోల్జర్ ఫ్లై) పిల్లలు. అవి కుట్టవు, తొక్కల్ని తొందరగా తినేస్తాయి. వాటి గురించి టెన్షన్ పడి డ్రమ్ములు పారబోయవద్దని మనవి.

అసలు చిక్కు వేరే ఉంది. ఎండుటాకు అవసరం వానాకాలంలో, విశాఖలో అయితే తుపాన్ల అక్టోబరు దాకా. మన వీధుల్లో వేప ఆకు రాలేది మాత్రం మాఘ ఫాల్గుణాల్లో. ఆ రోజుల్లో దాన్ని ఊడ్చి తగలబెట్టేవాళ్లం, లేదా బండికిచ్చేవాళ్లం. ఇప్పుడు పార్కులో వాటర్ ట్యాంకు వెనక వెదురు గుంజలు పాతి, పైన టార్పాలిన్ కప్పి ఆకుల పాక వేశాం. వీధులు ఊడ్చే అక్కలు వేప, బాదం ఆకుల్ని ప్లాస్టిక్ కలవకుండా గోనె సంచుల్లో నింపి ఇస్తున్నారు. వాళ్ల చలవతోనే పాక నిండింది. సంఘం తరఫున వాళ్లకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. ఈ ఏడాది పనులన్నిటిలో ఈ పాకే మేలైనదని కార్యవర్గం అభిప్రాయం.

వినాయక చవితి పత్రి, పూలదండలు కూడా ఈసారి కంపోస్టులోకే వెళ్లాయి. దారాలు, జరీ, థర్మాకోల్ ఏరడానికి కాలనీ పిల్లలు కూర్చున్నారు. మామిడి టెంక, కొబ్బరి డొక్క మాత్రం ఓ పట్టాన మాగవు, వాటిని వేయకండి. చేప పొట్టు, ఎముకలు ఎలుకల్ని, పిల్లుల్ని పిలుస్తాయి, అవీ వద్దు.

రెండు మూడు నెలలకు నల్లగా, పొడిపొడిగా, తొలకరి మట్టి వాసనతో ఉంటేనే తయారైనట్టు. పచ్చిగా ఉండగా వేస్తే మొక్కల వేళ్లు దెబ్బతింటాయి. ఇంటి డ్రమ్ము పెద్ద కుప్పంత వేడెక్కదు కాబట్టి గింజలు చావవు. మల్లె కుండీలో టమాటా మొలకలు రావడం చాలామంది చూసే ఉంటారు. పీకేయకండి, జాగ్రత్తగా తీసి వేరే కుండీలో నాటుకోండి. మిద్దెతోట కుండీల్లో మూడో వంతు కంపోస్టు, మిగతాది ఎర్రమట్టి, కాస్త కొబ్బరి పొట్టు వేసిన ఇళ్లలో బెండ, తోటకూర బాగా వచ్చాయి.

వచ్చే ఏడాదికి కార్యవర్గం రెండు ప్రతిపాదనలు సభ ముందుంచుతోంది. ఆకుల పాకను రెట్టింపు చేయడం ఒకటి, కాలనీలో ఆకులు తగలబెట్టడం పూర్తిగా మానుకోవాలని తీర్మానించడం రెండోది. అద్దె ఇళ్లలో ఉండి చోటు లేనివారి కోసం పార్కులో ఉమ్మడి డ్రమ్ము పెడదామని కొందరు అడిగారు. దాన్ని రోజూ చూసుకునే మనిషి దొరికితేనే పెడదాం. చూసుకుంటామనేవారు సర్వసభ్య సమావేశంలో కార్యదర్శికి పేరివ్వండి. ఆకు కావలసినవారు ఆదివారం పొద్దున ఖాళీ సంచి తెచ్చుకుని పాక దగ్గర తీసుకోవచ్చు.